ఎడమచేతి బోణీ

నరసరావుపేటలో గాలాలూ వలలూ అమ్మే కొట్టు నాది. ముప్పై నాలుగేళ్ళు నడిపాను. మోకాళ్ళు మొరాయించాక పోయినేడు మా మేనకోడలు శిరీషకు అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. కూర్చోనిస్తేగా! వారం తిరగకముందే ఫోను చేసింది.

"మామయ్యా, సముద్రం పక్కన లోతు లేని నీళ్ళల్లో గాలమేసేవాళ్ళు చానామంది వస్తన్నారు. ఎవరికి ఏ రాడ్ ఇయ్యాల, ఏ రీలు ఇయ్యాల, ఒక లిస్టు రాసియ్యి. గోడకి అంటిస్తా."

లిస్టు ఐదు నిమిషాల పని. ముందు అదే రాసేస్తాను. రాడ్ ఏడడుగులు, మహా అయితే ఏడున్నర. తేలికగా ఉండాలి, కొస మెత్తగా వంగాలి, నడుము గట్టిగా ఉండాలి. రీలు మధ్యరకం సైజు, ఉప్పునీళ్ళకని చెప్పి చేసినదై ఉండాలి. దారం సన్నగా అల్లినది, దాని చివర రెండు బారల నైలాను. అయిపోయింది. గోడకు అంటించుకో తల్లీ.

కానీ ఈ లిస్టంతా నాకు నోటికి వచ్చిన రోజుల్లోనే ఒక మనిషికి తప్పు రాడ్ అమ్మాను. తన కుడిచేతిలో ఇంకా ఏమైనా పని మిగిలి ఉందా లేదా అని తేల్చుకోవడానికి ఆ మనిషి ఆ రాడ్ కొన్నాడు. నేనిచ్చిన రాడ్ లేదని చెప్పింది. అది అబద్ధం. ఆ అబద్ధం చెప్పించినవాణ్ణి నేను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు లిస్టు కంటే ముందు ఆ సంగతి తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

పోలయ్యగారి మూడు ప్రశ్నలు

నేను పని నేర్చుకుంది బాపట్ల వైపు ఒక కొట్టులో. యజమాని పోలయ్యగారు. వయసులో ఉన్నప్పుడు పడవ మీద పోయినవాడు, తర్వాత గాలాల వ్యాపారంలోకి దిగాడు. నోరు మంచిది కాదు. జీతం అడిగితే తుమ్మినట్టు మొహం పెట్టేవాడు. కానీ పనిలో ఆయన మాట ఈ రోజుకీ తప్పు పోలేదు.

బేరం వచ్చినప్పుడు మూడు విషయాలు తెలుసుకోమనేవాడు. మొదట మనిషి చెయ్యి చూడాలి. తర్వాత, ఎక్కడ నిలబడి వేస్తాడో అడగాలి. ఏ చేప కావాలన్నది ఆఖరున. "చేపదేముందిరా, అది ఎట్టాగూ వీళ్ళు చెప్పిన సైజులో పడదు" అనేవాడు.

చేరిన కొత్తలో నేను అన్నీ బరువు సరుకే చూపించేవాణ్ణి. బరువుగా ఉంటే కొనేవాడికి విలువైనదని అనిపిస్తుంది కదా. అది చూసి పోలయ్యగారు ఒక రోజు పొద్దున్నే నన్ను మొగ దగ్గరికి తీసుకుపోయాడు. మొగంటే వాగు సముద్రంలో కలిసే చోటు. అక్కడ పాటు సమయంలో, సముద్రం వెనక్కి తీసినప్పుడు, అర్ధమైలు దాకా మోకాటి లోతు నీళ్ళే ఉంటాయి. అలలుండవు. పన్నెండడుగుల రాడ్ ఒకటి నా చేతిలో పెట్టి, విసురుతూ ఉండమని చెప్పి, గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చుకున్నాడు. రెండు గంటలయ్యేసరికి నా భుజం నాది కాకుండా పోయింది. అరచేతిలో బొబ్బలు లేచాయి. అరపావు సీసం గుండు నీళ్ళలో పడ్డప్పుడల్లా చుట్టుపక్కల చేపలన్నీ బెదిరి పారిపోవడం కంటికి కనిపిస్తూనే ఉంది.

"ఇప్పుడు పోయి అమ్ముకో" అన్నాడు.

పన్నెండడుగుల రాడ్ ఉన్నది ఒడ్డున నిలబడి అలలకు అవతల సీసం గుండు పడెయ్యడానికి. అక్కడ ఒకసారి విసిరి, రాడ్‌ను ఇసుకలో గుచ్చి, కూర్చోవచ్చు. మోకాటి నీళ్ళలో అలా కుదరదు. నడుస్తూ, చూస్తూ, పూటకు రెండు మూడొందల సార్లు విసరాలి. చేప కూడా నీ కాళ్ళ చప్పుడు వింటూ ఉంటుంది. కాబట్టి ఎర తేలికగా పడాలి, చేతికి రాడ్ ఉన్నట్టే అనిపించకూడదు. ఇంత తెలిసినవాణ్ణి నేను. గుర్తుపెట్టుకోండి, తర్వాత తిట్టడానికి పనికొస్తుంది.

మనవాళ్ళ బిగింపు

సొంత కొట్టు పెట్టుకుని నరసరావుపేట వచ్చాక నాకు ఇంకో రకం చదువు మొదలైంది. మన పల్నాడువాళ్ళకు చేపంటే కృష్ణలో బొచ్చె, సాగర్ నీళ్ళలో వాలుగ. తాడులాంటి దారం, దుడ్డుకర్రలాంటి రాడ్, పడిందంటే ఒడ్డుకు ఈడ్చి పారెయ్యడం. లాగినకొద్దీ దారం వదిలే రీలంటే మనవాడికి నామోషీ.

రీలు మీద ఒక చిన్న మర ఉంటుంది, మేము బ్రేకు అంటాం. చేప గట్టిగా లాగినప్పుడు కొంచెం కొంచెంగా దారం వదలడానికే అది ఉంది. దారం మోయగలిగిన బరువులో పావువంతు దగ్గర పెట్టుకోవాలి. ఇది చెప్తే చిలకలూరిపేట లారీ డ్రైవరు ఒకాయన నన్ను ఎగాదిగా చూశాడు. "నేను డబ్బులు పెట్టి కొంటే అది చేప మాట వింటదా?" అన్నాడు. పక్కన నిలబడి, పట్టకారుతో ఆ మరను బిగించేశాడు. వారం తర్వాత తెగిన దారంతో వచ్చి సరుకు మంచిది కాదని కొట్టు ముందు పంచాయితీ పెట్టాడు. నేనూ తగ్గలేదు. ఇద్దరం అరుచుకున్నాం, తర్వాత టీ తాగాం. వదలడం ఓడిపోవడం కాదని మనవాళ్ళకు నేర్పడమే నా వృత్తిలో సగం. ఆ మాట నేను మాత్రం నేర్చుకున్నానా అంటే, అప్పటికి లేదు.

బోణీ బేరం

ఆరేళ్ళ కిందటి మాట. కొట్టు తెరిచి, నీళ్ళు చల్లి, అగరొత్తులు వెలిగిస్తున్నాను. మెట్ల మీద ఒకతను నిలబడి ఉన్నాడు. నలభై లోపు వయసు. పొడుగాటి మనిషి, రాయి మోసిన భుజాలు. కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. పేరు కోటయ్య, మాచర్ల అవతల నాపరాళ్ళ క్వారీలున్న ఊరు.

"మా బామ్మర్ది నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల కాడ పంజేస్తన్నాడు. ఆడ పండుగప్ప పడతదంట. రాడ్ కావాల" అన్నాడు.

సముద్రమా అని అడిగాను. సముద్రమేనన్నాడు. అంతే. ఎక్కడ నిలబడతావని అడగలేదు. పండుగప్ప అనే మాట వినగానే నా బుర్ర ఆఖరి ప్రశ్న దగ్గరికి దూకేసింది. పైనున్న పన్నెండడుగుల రాడ్ దించాను. దానికి తగ్గ పెద్ద రీలు బిగించాను. పొద్దున్నే పెద్ద బేరం తగిలిందని సంతోషంగా కూడా ఉంది.

బోణీ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. మా నాన్న మిరపకాయల కమీషను కొట్టులో గుమస్తా. పొద్దుటి మొదటి బేరం చెడితే ఆ రోజంతా చెడుతుందని నమ్మే ఇల్లు మాది. కొనేవాడు కుడిచేత్తో తీసుకోవాలి, నేను కుడిచేత్తో ఇవ్వాలి. రాడ్ చాపాను. కోటయ్య ఎడమ చెయ్యి ముందుకు పెట్టాడు.

"ఇదేందయ్యా, పొద్దున్నే ఎడం చెయ్యి చాపుతావ్? బోణీ బేరం. కుడిచేత్తో తీసుకో" అన్నాను. మామూలుగా అనలేదు, కసిరాను.

అతను ఎడమ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత తువ్వాలు చుట్టిన ఆ చేతినే చాపి, రాడ్‌ను దాంతో గుండెకు అదుముకున్నాడు. చేతికి సెగగడ్డ ఏదో లేచి ఉంటుందనుకున్నాను. తల తిప్పుకుని అగరొత్తుల వైపు వెళ్ళిపోయాను. మనిషి చెయ్యి చూడమన్నది పోలయ్యగారు చెప్పిన మొట్టమొదటి మాట. ఆ చెయ్యి నా ముక్కు ముందు ఉంది. బోణీ సరిగ్గా జరగాలన్న యావలో నేను దాని వైపే చూడలేదు.

సైకిల్ ట్యూబు ముక్క

పది రోజుల తర్వాత నేను భోజనం చేసి వచ్చేసరికి గల్లాపెట్టె పక్కన ఆ రాడ్, రీలు ఉన్నాయి. ఎవరో పెట్టిపోయారని పక్క కొట్టువాడు చెప్పాడు. "డబ్బులేం అడగలా. ఎవురికన్నా పనికొస్తే ఇయ్యమన్నాడు" అన్నాడు.

సరుకు తిరిగొస్తే నాకు కోపమొస్తుంది. ఏం లోపమో చూద్దామని రాడ్ చేతిలోకి తీసుకున్నాను. రీలు కొత్తది కొత్తదిలాగే ఉంది. దారం నలగలేదు. రాడ్ మీద, రీలు కాడకు కొంచెం పైన, నల్లటి సైకిల్ ట్యూబు ముక్క ఒకటి ఉచ్చులాగా కట్టి ఉంది. ఇదేం పిచ్చి అనుకుంటూ దాన్ని విప్పబోయి ఆగిపోయాను.

తెలియనివాళ్ళకు చెప్తాను. గాలం విసిరేముందు రీలు మీది తీగ చట్రం తెరిచి, దారాన్ని చూపుడువేలితో పట్టుకుని ఉంచాలి. విసిరే ఊపులో ఆ వేలు వదిలితే దారం పరుగెడుతుంది. ఆ ట్యూబు ముక్క కట్టింది సరిగ్గా చూపుడువేలు ఉండాల్సిన చోట, వేలికి బదులు దారాన్ని ఇరికించి ఉంచడానికి. వేలు ఉన్నవాడెవడూ అక్కడ రబ్బరు కట్టుకోడు.

తువ్వాలు గుర్తొచ్చింది. గుండెకు అదుముకోవడం గుర్తొచ్చింది. కసిరిన నా గొంతు నాకే వినిపించింది.  సిగ్గుతో చచ్చిపోయాను అంటారే, అది ఊరికే అనే మాట కాదని ఆ పూట తెలిసింది.

బేరం రోజు రాయించుకున్న రీలు గ్యారంటీ చీటీ మీద అతని ఫోను నంబరు ఉంది. చేస్తే అతని భార్య సుబ్బులు ఎత్తింది.

"ఆయన మాట్లాడడండీ. ఆ సముద్రం కాణ్ణించి వచ్చినకాణ్ణించీ నోరు తెరవట్లా" అంది. నేనెవరో చెప్పాక అంతా చెప్పింది. క్వారీలో రాయి జారి కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు. రాళ్ళకు పాలిష్ పట్టే మిషను దగ్గరికి రమ్మని ఊళ్ళోనే ఒకాయన పిలుస్తున్నాడు. ఆ పనికి రెండు చేతులూ కావాలి.

"గాలం ఎయ్యగలిగితే మిషను కాడికి పోతా, లేకపోతే ఈ చెయ్యి ఇంకెందుకూ పనికిరాదనుకుంటా అన్నాడండీ. మొక్కుకున్నట్టు అనుకున్నాడు. ఆడ విసిరితే గుండు ఎనక్కి పోయి ఆయన కాళ్ళ మీదే పడిందంట. చెరువుల కాడోళ్ళు నవ్వారంట. ఇంటికొచ్చి, ఇంక మిషను ఊసెత్తొద్దన్నాడు. ఎండాకాలం అయ్యేదాకా చూస్తామన్నారండీ వాళ్ళు. ఆ తర్వాత ఇంకొకళ్ళని పెట్టుకుంటారు."

చెయ్యి చూడటం

మర్నాడు మాచర్ల బస్సెక్కాను. కోటయ్య ఇంటి ముందు నాపరాతి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే చెయ్యి తువ్వాల్లోకి పోయింది.

"చెయ్యి చూపీ" అన్నాను.

"ఏముందిలే బాబాయ్ చూట్టానికి."

"రాడ్ అమ్మకముందే చూడాల్సింది. చూళ్ళా. తప్పు నాది. ఇప్పుడు చూపీ."

అతను తువ్వాలు ఇంకా బిగించాడు. నేల చూస్తూ అన్నాడు. "ఆసుపత్రిలో కట్టిప్పినప్పుడు కూడా నాకు అంత అనిపించలా బాబాయ్. నువ్వు కుడిచేత్తో తీసుకోమన్నావే, అప్పుడు తెలిసింది నాకు కుడిచెయ్యి లేదని."

 క్షమించమని అడిగాను. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాణ్ణి క్షమాపణ అడగడం అదే మొదటిసారి.  సుబ్బులు లోపల్నుంచి మజ్జిగ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, "ఏందయ్యా, అంత దూరం నుంచి వచ్చాడు, చూపియ్యొచ్చు గదా" అంది.

తువ్వాలు తీశాడు. చూపుడువేలు, నడిమివేలు మొదళ్ళ దాకా లేవు. బొటనవేలు, చివరి రెండు వేళ్ళు బాగున్నాయి. నా చెయ్యి అందులో పెట్టి నొక్కమన్నాను. మొదట మెత్తగా పట్టుకున్నాడు. గట్టిగా నొక్కమన్నాను. నొక్కాడు. "అబ్బా!" అని కేక పెట్టాను. ఇరవై ఏళ్ళు రాళ్ళు తిప్పిన చెయ్యి అది, మూడు వేళ్ళే అయితేనేం. సుబ్బులు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోటయ్య తన చెయ్యి తనే తిప్పి చూసుకున్నాడు.

అప్పుడు అడిగాను, ఎక్కడ నిలబడతావని. చెరువుల వెనక, మోకాటి నీళ్ళలో అన్నాడు. ఈ ఒక్క మాట కొట్టులో అడిగి ఉంటే ఇంత జరిగేది కాదు.

ఎండిన కాలువలో

కొట్టుకు వచ్చి మళ్ళీ మొదటి నుంచి ఆలోచించాను. ఎడమ చెయ్యి మొత్తం ఉంది. కాబట్టి రాడ్ పట్టేదీ, విసిరేదీ, దారం ఆపేదీ ఎడమ చెయ్యే. కుడిచేతికి రీలు తిప్పే పని. ఈ రకం రీళ్ళకు పిడిని ఏ వైపుకైనా మార్చుకోవచ్చు, చానామంది అమ్మేవాళ్ళకే ఆ సంగతి తెలియదు. కానీ పిడి చివర ఉండే గుబ్బ సన్నగా ఉంటుంది, రెండు వేళ్ళతో పట్టుకునేట్టు చేస్తారు. అది అతనికి నప్పదు. మా వీధిలో కొయ్యపని చేసే ఆచారిగారి చేత నిమ్మకాయంత గుబ్బ ఒకటి తుమ్మకర్రతో చేయించి బిగించాను. మూడు వేళ్ళూ, అరచెయ్యీ కలిసి పట్టుకునేట్టు వచ్చింది.

రాడ్ ఏడడుగులది తీశాను. చేతిపట్టు బెండుది, తడిసినా జారదు. రాడ్ పొడవునా దారం పోయే రింగులు తుప్పు పట్టని రకమేనా అని ఒక్కొక్కటీ వేలితో తడిమి చూశాను, లోపల చిన్న గీత ఉన్నా సన్నటి దారాన్ని కోసేస్తుంది. రీలు బిగించాక రాడ్‌ను పట్టు పైభాగాన ఒక్క వేలి మీద నిలబెట్టి చూశాను. కొస వైపు వాలకుండా నిలబడింది. శిరీషా, ఇది రాసుకో. రాడ్ తేలిక, రీలు తేలిక అని విడివిడిగా కొంటారు. రెండూ కలిపి పట్టుకున్నప్పుడు ఎటూ వాలకపోతేనే అది తేలిక.

ఎడమచేత్తో విసరడం అలవాటు కావాలి. ఎండాకాలం, సాగర్ కాలువకు నీళ్ళు కట్టేశారు. ఆదివారం ఆదివారం కోటయ్య బస్సులో వచ్చేవాడు. ఎండిపోయిన కాలువలో దిగి, దారానికి గాలం లేకుండా చిన్న సీసం ముక్క కట్టి, యాభై అడుగుల దూరంలో ఒక సిమెంటు తట్ట పెట్టుకుని విసిరేవాళ్ళం. గట్టు మీద పోయే ఆడవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. "ఏం పడుతున్నాయన్నా, తొండలా?" అని అడిగింది ఒకామె. "పడితే పులుసుకు పంపిస్తాలే చెల్లెమ్మా" అన్నాను. కోటయ్య నవ్వడం నేను చూడటం అదే మొదలు.

మొదటి ఆదివారం సీసం ఎటు పోతుందో దేవుడికే తెలియదు. నాలుగో ఆదివారానికి తట్టలో ఠంగుమని పడింది.  అతను ఇంకో పాతికసార్లు విసిరాడు.

మోకాటి లోతు

ఎండాకాలం చివర్లో, అమావాస్యకు ముందు, ఇద్దరం పొద్దుటి బస్సులో చిలకలూరిపేట మీదుగా బాపట్ల వెళ్ళాం. అక్కణ్ణించి అతని బామ్మర్ది ఆటోలో తీసుకుపోయాడు. చెరువుల గట్టు దిగి నీళ్ళలోకి నడిచాం. కాళ్ళు ఎత్తకుండా ఈడ్చి నడవమని చెప్పాను. తోకలో ముల్లుండే టేకుచేపలు బురదలో పడుకుని ఉంటాయి, పాదం తగిలితే తప్పుకుంటాయి, తొక్కితే పొడుస్తాయి. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. పాటు మొదలైంది, నీళ్ళు నెమ్మదిగా సముద్రం వైపు జారుతున్నాయి. గట్టు మీద చెరువుల మనుషులు ఇద్దరు ముగ్గురు నిలబడి చూస్తున్నారు. పోయినసారి నవ్వినవాళ్ళేనేమో, నేనడగలేదు.

కోటయ్య ఎడమచేత్తో విసిరాడు. ఎరగా కట్టిన రబ్బరు చేప ముప్పై గజాల అవతల చప్పుడు లేకుండా పడింది. తుమ్మ గుబ్బ కుడి అరచేతిలో తిరుగుతోంది. తువ్వాలు చేతికి లేదు, తలకు చుట్టుకున్నాడు. ఎర వేస్తూ చుడుతూ గంట గడిచింది.  చేప పడటం పడకపోవడం అతని చేతి గొప్పా కాదు, తప్పూ కాదు. కానీ పడకపోతే ఆ సంగతి ఆ మనిషికి ఎలా చెప్పడం?

అప్పుడు రాడ్ వంగింది. నీళ్ళు పగిలాయి. రీలు గర్రున మోగింది, దారం పరుగెత్తింది. మూడు నాలుగు కిలోల పండుగప్ప ఉంటుంది, ఒక్కసారి నీళ్ళలోంచి లేచి తల విదిలించింది. కోటయ్య ఎంతైనా పల్నాడువాడు కదా, కుడిచెయ్యి గుబ్బ వదిలేసి బ్రేకు మర మీదికి పోయింది.

"బిగించమాక! పోనియ్యి! పోనియ్యరా!" అని అరిచాను.

ఆగాడు. పోనిచ్చాడు. చేప ఆగిన చోట మళ్ళీ గుబ్బ పట్టుకుని చుట్టాడు. అది మళ్ళీ లాగింది, మళ్ళీ వదిలాడు. ఎంతసేపైందో తెలియదు. చేప అలిసిపోయి పక్కకు ఒరిగి, అతని మోకాళ్ళ ముందుకు వచ్చింది. వెండిలాంటి ఒళ్ళు నాకు స్పష్టంగా కనిపించింది. వల అందించబోయాను. చేప ఒక్కసారి నోరు తెరిచి తల తిప్పింది. గాలం ఊడిపోయింది. బురద లేచింది. చేప లేదు.

 ఇన్ని ఆదివారాలు, ఇంత దూరం వచ్చి, మళ్ళీ ఇదా అనుకున్నాను. కోటయ్య మొహం చూడటానికి ధైర్యం చాలలేదు. అతను రాడ్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కుడిచెయ్యి పైకెత్తి, మూడు వేళ్ళూ ముడిచాడు, విప్పాడు, మళ్ళీ ముడిచాడు.

"చెయ్యి బానే పంజేసింది బాబాయ్" అన్నాడు. "చేపే నిలబళ్ళా."

అని నవ్వాడు. నేను మాత్రం ఏడ్చాను. నీళ్ళలో ఉన్నాం కదా, మొహం కడుక్కున్నట్టు నటించాను. ఆ తర్వాత పోటు మొదలై నీళ్ళు తొడల దాకా వచ్చే వరకూ అతను కదలనన్నాడు. ఒక్కటీ పడలేదు. గట్టెక్కాక చెరువు దగ్గరి బోరునీళ్ళతో రీలును పసిబిడ్డకు పోసినట్టు మెల్లగా కడిగి, తువ్వాలుతో తుడిచాడు. ఉప్పు ఒక్క రాత్రి నిలిస్తే రీలు తినేస్తుందని నేను చెప్పిన మాట మర్చిపోలేదు. ఆ సోమవారమే పాలిష్ మిషను దగ్గరికి వెళ్ళాడని సుబ్బులు ఫోను చేసి చెప్పింది.

మళ్ళీ మెట్ల మీద

ఇక్కడితో ముగించెయ్యొచ్చు. కానీ నా తప్పు ఇంకొంచెం మిగిలి ఉందని నాకు మూడు నెలల తర్వాత గానీ తెలియలేదు.

కోటయ్య పనిమీద పేట వచ్చినప్పుడల్లా కొట్టుకు వచ్చి దారమో, రబ్బరు చేపలో కొనుక్కునేవాడు. ఎప్పుడూ కొట్టు తెరిచిన గంటకో రెండు గంటలకో కనబడేవాడు. బస్సు అప్పుడు దిగుతాడేమో అనుకున్నాను. ఒక రోజు కొట్టు తెరిచి నీళ్ళు చల్లుతూ తలెత్తితే, ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడి ఉన్నాడు. పిలవబోయి, ఊరికే చూస్తూ ఉన్నాను. టీ తాగేశాడు. గ్లాసు పెట్టేశాడు. అక్కడే నిలబడ్డాడు. తొమ్మిదిన్నరకు ఎవరో వచ్చి గాలాలు కొనుక్కుని వెళ్ళారు. అప్పుడు రోడ్డు దాటి వచ్చాడు.

"ఎంతసేపైంది వచ్చి?" అని అడిగాను.

"ఇప్పుడే బాబాయ్" అన్నాడు.

అన్నాళ్ళూ నా బోణీ పాడు కాకూడదని ఆ మనిషి రోడ్డుకు అవతల నిలబడి, ఇంకొకరు వచ్చి కొనేదాకా కాచుకుని ఉన్నాడు. నేను కసిరిన మాటను అతను నా మీద కోపంగా దాచుకోలేదు, నా మీద గౌరవంగా దాచుకున్నాడు. అది నాకు ఇంకా ఎక్కువగా గుచ్చుకుంది.

మళ్ళీ వచ్చినప్పుడు ముందే కనిపెట్టాను. అగరొత్తులు వెలిగించి, రోడ్డు మీదికి వెళ్ళి, టీ బంకు దగ్గర అతని భుజం పట్టుకుని తీసుకొచ్చాను.

"ఏం కావాల?"

"దారం. కానీ కాసేపాగి తీసుకుంటాలే బాబాయ్. ఎవురినన్నా రానియ్యి."

"ఎవురూ రానక్కర్లా. ఇయ్యాల బోణీ నీదే."

అతని భుజం మీద తువ్వాలు ఉంది. కుడిచెయ్యి ఖాళీగా, దాపరికం లేకుండా ఉంది. ఆ చెయ్యే ముందుకు రాబోయింది, నాకోసం. నేను దారం కండె తీసి నా ఎడమచేత్తో చాపాను. కోటయ్య నా చేతినీ, నా మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత తన ఎడమ చెయ్యి చాపి తీసుకున్నాడు.

ఆ రోజు బేరాలు ఎలా సాగాయని శిరీష ఇప్పటికీ అడుగుతుంది. నాకు గుర్తు లేదు. ఆ మొదటి బేరం ఒక్కటే గుర్తుంది.